సముద్రపు నీళ్ళు మరిగిస్తే వచ్చిన ఉప్పు చేదుగా ఉంది, మూడో రోజుకే చెమ్మగిల్లింది. ఎందుకు?

సూర్యలంక · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మిశ్రమాలను వేరుచేసే పాఠం అయింది, ఇంట్లో ఏదో ఒకటి సొంతంగా చేసి రాసుకురమ్మన్నారు. పోయిన వారం సూర్యలంక బీచ్‌కి వెళ్ళినప్పుడు 2 లీటర్ల సీసా నిండా సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చాం. పల్చటి బట్టలో వడగట్టి, స్టీలు గిన్నెలో పోసి గ్యాస్ మీద పెట్టాం. గంటన్నర పైనే పట్టింది. చివర్లో చిటపటలాడుతూ స్టవ్ అంతా చిమ్మింది. గిన్నె అడుగున తెల్లటి పొడి, తూకం వేస్తే 60 గ్రాముల దాకా వచ్చింది. పిల్ల సంతోషం చూడాలి.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. నాలుక మీద వేసుకుంటే ముందు ఉప్పగానే ఉంది, వెనకాల గొంతులో చేదు. మూడో రోజుకి సీసాలో పొడి తడిసి ముద్దయింది. వంటింట్లో కొన్న ఉప్పు పక్కనే ఉంది, దానికేం కాలేదు. "పుస్తకంలో నీళ్ళు ఆవిరైతే ఉప్పు మిగులుతుందని ఉంది కదా నాన్నా, మనకి వచ్చింది ఉప్పు కాదా?" అంటోంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో ప్రశ్న కూడా వేసింది. నీళ్ళలో కరిగాక ఉప్పు ఘనమా, ద్రవమా? ఐసు కరిగితే ద్రవం అయింది కదా, ఉప్పు కరిగినా అంతేనా?

పీఎస్ మాస్టారు · ఆదివారం, రాత్రి 10:02

రెండో ప్రశ్నకి ముందు చెబుతాను, ఇది ప్రతి ఏడాదీ నా క్లాసులో వచ్చేదే. ఇందులో పిల్లల తప్పేమీ లేదు, మన మాటే అలాంటిది. ఐసు కరిగింది అంటాం, ఉప్పు కరిగింది అంటాం, కంసాలి బంగారం కరిగించాడు అంటాం. జరిగేవి రెండు వేరువేరు పనులు, మాట మాత్రం ఒక్కటే.

ఐసు కరగడానికి వేడి చాలు, ఇంకో పదార్థం తోడు అక్కర్లేదు. 0 డిగ్రీల దగ్గర తనంతట తాను నీరవుతుంది. బంగారమూ అంతే, కాకపోతే దానికి 1064 డిగ్రీలు కావాలి. ఇది ద్రవీభవనం, అంటే స్థితి మారడం. ఉప్పుని ఒక్కదాన్నే అలా ద్రవం చెయ్యాలంటే 801 డిగ్రీల దాకా వేడెక్కించాలి. మన గ్లాసులో అంత వేడి ఎక్కడుంది? అక్కడ నీటి అణువులు ఉప్పు గళ్ళలోంచి సోడియం, క్లోరైడ్ అయాన్లను ఒక్కొక్కటిగా లాగి తమ మధ్యలో పెట్టుకుంటాయి. ద్రావణం మొత్తంగా ద్రవం. అందులో ఉప్పుకి విడిగా ఘనం అనో ద్రవం అనో పేరు పెట్టలేం.

అమ్మాయికి ఇలా చెప్పండి: "కరిగింది" అని వినబడగానే, అక్కడ ఒక పదార్థమే ఉందా, రెండున్నాయా అని చూసుకోమనండి. ఒకటే అయితే స్థితి మారింది. రెండైతే మిశ్రమం తయారైంది, కాబట్టి మళ్ళీ వేరుచెయ్యొచ్చు.

చేదు సంగతి ఉప్పు మడుల వాళ్ళెవరైనా చెబితే బాగుంటుంది. మన వేదికలో చినగంజాం ఆయన ఉండాలి.

గళ్ళుప్పు · సోమవారం, ఉదయం 6:25

ఉన్నాను మాస్టారూ. మాది చినగంజాం, తాతల నాటి నుంచి ఉప్పు మడులే మా బతుకు.

సూర్యలంక గారూ, మీ అమ్మాయికి వచ్చింది ఉప్పే. కాకపోతే ఉప్పొక్కటే కాదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల పదార్థం కరిగి ఉంటుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు అందులో 27 గ్రాములే. మిగిలిన దాంట్లో మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, జిప్సం, కొద్దిగా పొటాషియం లవణం ఉంటాయి. నదులు కలిసే మన తీరంలో లెక్క ఇంకొంచెం తగ్గుతుంది, మీకు 2 లీటర్లకి 60 గ్రాములే వచ్చింది అందుకే అయి ఉంటుంది. చేదంతా మెగ్నీషియందే. గాల్లో చెమ్మ లాక్కుని ముద్ద చేసేదీ అదే. మెగ్నీషియం క్లోరైడ్‌ని ఒట్టిగా పళ్ళెంలో వదిలేస్తే, తను పీల్చిన తేమలో తనే కరిగిపోతుంది.

మీరు ఆఖరి చుక్క దాకా ఇగరబెట్టారు, కాబట్టి అన్నీ కలిసి గిన్నెలోనే ఉండిపోయాయి. మడిలో మేం ఆ పని ఎప్పుడూ చెయ్యం. చివరి నీళ్ళని ఎండనివ్వం, బయటికి వదిలేస్తాం.

వరస చెబుతాను. మా వైపు చాలా మడులకి బోర్లతో తోడిన ఉప్పునీళ్ళే ఆధారం. అవి ముందు పెద్ద మడుల్లో ఎండకీ గాలికీ చిక్కబడాలి. చిక్కదనం చూడ్డానికి గాజు గొట్టం ఒకటి ఉంటుంది, నీళ్ళలో వేస్తే నిలువుగా తేలుతుంది. నీళ్ళు చిక్కబడే కొద్దీ గొట్టం పైకి లేస్తుంది. దాని మీద గీతల్ని బోమే డిగ్రీలంటారు, మేం ఉత్త డిగ్రీలనే అంటాం. మామూలు సముద్రపు నీళ్ళు 3 డిగ్రీల దగ్గర ఉంటాయి. 13 దాటితే జిప్సం అడుగున పట్టడం మొదలవుతుంది. 25 వచ్చేసరికి ఆ జిప్సంని వెనకే వదిలేసి, పై నీళ్ళని గళ్ళు కట్టే మడిలోకి మారుస్తాం. అక్కడే ఉప్పు దిగుతుంది. 29, 30 డిగ్రీలకి చేరిందంటే ఇక ఆ నీళ్ళని తీసెయ్యాల్సిందే. అప్పటికి ఉప్పు చాలా వరకు దిగిపోయి ఉంటుంది, మెగ్నీషియం మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉంటుంది. అక్కడ ఆశపడి ఇంకో రెండు రోజులు ఉంచితే బస్తా రెండు బస్తాలు ఎక్కువ రావచ్చు గానీ, మడి మొత్తం సరుకు చేదెక్కుతుంది.

మా నాన్న గొట్టం ముట్టుకోకుండానే చెప్పేవాడు. వంగి నీళ్ళు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దేవాడు. ఉప్పు దిగే నీళ్ళు గరగరగా ఉంటాయి. తీసెయ్యాల్సిన నీళ్ళు ఆముదం రాసుకున్నట్టు జారతాయి. రంగు కూడా మారుతుంది, బాగా చిక్కబడిన మడి ఎర్రగా, గులాబీ జీరతో కనిపిస్తుంది. అంత ఉప్పులోనే బతికే సూక్ష్మజీవుల వల్ల వచ్చే రంగు అది.

సూర్యలంక · సోమవారం, ఉదయం 8:40

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. మళ్ళీ చేద్దామంటోంది. గొట్టం లేకుండా ఇంట్లో 25 వచ్చిందనీ, 29 వచ్చిందనీ ఎలా తెలుసుకోవాలి?

రియాక్టర్ షిఫ్ట్ · సోమవారం, మధ్యాహ్నం 2:15

హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్స్ ప్లాంట్‌లో, అంటే మందుల్లో వేసే అసలు పదార్థాలు తయారుచేసే చోట, ప్రొడక్షన్ చూస్తాను. గళ్ళుప్పు గారు చెప్పిన "చివరి నీళ్ళు" మా రోజువారీ పనే. మేం దాన్ని మదర్ లిక్కర్ అంటాం, షిఫ్టులో ఎంఎల్ అనేస్తాం. కావలసిన పదార్థం స్ఫటికాలుగా దిగుతుంది, మలినాలు ఎంఎల్‌లో ఉండిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఎంఎల్ తీసేసి, పైన కొంచెం చల్లటి సాల్వెంట్‌తో కడుగుతాం. ఎంఎల్‌ని పూర్తిగా ఇగరబెడితే తూకం పెరుగుతుంది, బ్యాచ్ ఫెయిలవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తూకం చూసి మురిసిపోయి, ఆ తర్వాత ల్యాబ్ రిపోర్ట్ చూసి నాకు చెమటలు పట్టాయి. పాప మొదటిసారి చేసిందీ అదే కాబట్టి బాధపడొద్దని చెప్పండి.

ఒక తేడా గమనించాలి. మేం చాలా సరుకుల్ని చల్లబరిచి దించుతాం. వేడి ద్రావణంలో ఎక్కువ పడుతుంది, చల్లారితే పట్టనిది స్ఫటికమవుతుంది. పటిక, సురేకారం అలా బాగా వస్తాయి. ఉప్పుకి ఆ కిటుకు పనిచెయ్యదు. 100 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్ళలో కరిగేది 39 గ్రాములే. ఎంత చల్లబరిచినా దిగేది చిటికెడు. అందుకే ఉప్పుకి నీళ్ళు తగ్గించడం తప్ప దారి లేదు, మడులకి అంత ఎండ కావాల్సిందీ అందుకే.

గళ్ళుప్పు · సోమవారం, రాత్రి 7:50

సూర్యలంక గారూ, గొట్టం లేకపోతే నీళ్ళు ఎంత మిగిలాయో కొలవండి, చాలు. ఈసారి 5 లీటర్లు తెచ్చుకోండి.

5 లీటర్లు 1 లీటరు అయ్యేదాకా స్టవ్ మీదే ఉంచొచ్చు. ఆ దగ్గర నుంచి జిప్సం పట్టడం మొదలవుతుంది. అర లీటరుకి వచ్చాక దించి, చల్లారనిచ్చి, దళసరి బట్టలో వడగట్టండి. గిన్నె అడుగు వేలితో తడిమి చూడమనండి, గరుకు కాగితంలా తగులుతుంది. అక్కణ్ణుంచి మంట వద్దు. వెడల్పు పళ్ళెంలో పోసి మేడ మీద ఎండలో పెట్టండి. దుమ్ము పడకుండా పైన పల్చటి వలగుడ్డ కట్టండి, గాలి మాత్రం ఆడాలి. కదపొద్దు. 200 మిల్లీలీటర్ల దాకా తగ్గాక మిగిలిన నీళ్ళు వేరే గాజు సీసాలోకి వంచేయండి. గళ్ళని గుడ్డ మీద ఆరబెట్టండి.

కాకినాడ కాజా · సోమవారం, రాత్రి 9:31

నాకో సందేహం. ఆ చేదు అంటే మినరల్సే కదండీ? అవి తీసేసి తినడం కంటే ఉన్నవి ఉన్నట్టు తింటేనే ఆరోగ్యం అని ఎక్కడో చూశాను. షాపు ఉప్పులో ఏవేవో కలుపుతారు కూడా.

గళ్ళుప్పు · సోమవారం, రాత్రి 10:05

అలా అనుకోవద్దు తమ్ముడూ. మెగ్నీషియం సల్ఫేట్‌ని మందుల షాపులో విరేచనం అవ్వడానికి ఇస్తారు. మడుల్లో పనిచేసే వాళ్ళం, ఆ నీళ్ళు చేతిమీద పుండుకి తగిలితే ఎంత మండుతుందో మాకు తెలుసు. షాపు ఉప్పులో కలిపే వాటిలో అయోడిన్ ఒకటి, అది గొంతువాపు (గాయిటర్) రాకుండా. మా మడి ఉప్పులో అది సరిపడా ఉండదు, సముద్రం నుంచి వచ్చింది కదా అని ఉంటుందనుకోవద్దు. పాప చేసే ఉప్పు కూడా నాలుక కొసన రుచి చూడ్డానికే. తీరంలో నీళ్ళలో ఏం కలుస్తున్నాయో మనకి తెలియదు.

కవ్వం · మంగళవారం, ఉదయం 11:20

మీ చర్చ చదువుతూ వెన్న తీస్తున్నాను, నా అనుమానం కూడా అడిగేస్తాను. మా అత్తగారు ఎండాకాలం చల్ల చిలికేటప్పుడు చన్నీళ్ళు పోసేవారు, చలికాలం గోరువెచ్చటి నీళ్ళు. అలా చెయ్యకపోతే ఎంత చిలికినా వెన్న పడదు. ఇదీ వేరుచేయడమే కదా. మరి దీనికి వేడి చల్లదనంతో పనేమిటి?

పైగా నెయ్యి కాచి నెమ్మదిగా చల్లారిస్తే పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే మైనంలా గట్టిపడి పూస రాదు. నెయ్యి ఒకటే, డబ్బా ఒకటే.

రియాక్టర్ షిఫ్ట్ · మంగళవారం, సాయంత్రం 5:44

అమ్మా, మీ వంటింట్లో మా ప్లాంటంత ఉంది.

చల్లలో కొవ్వు సన్నటి బొట్లుగా ఉంటుంది, ఒక్కో బొట్టు చుట్టూ పల్చటి పొర. కవ్వం దెబ్బకి పొర చిరిగి, బొట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కావాలి. కొవ్వు పూర్తిగా ద్రవంగా ఉంటే నూనెలా చెదిరిపోతుంది, అతుక్కోదు. పూర్తిగా గట్టిపడితే గుళకరాళ్ళలా తగిలి విడిపోతుంది. సగం గట్టి, సగం మెత్తగా ఉండాలి. అత్తగారు నీళ్ళతో సరిచేసింది ఆ సగాన్నే. ఇక్కడ స్థితీ, వేరుచేయడమూ రెండూ ఒకే పనిలో ఉన్నాయి.

నెయ్యి ఒక్క పదార్థం కాదు, రకరకాల కొవ్వుల మిశ్రమం. అందుకే ఐసుకి 0 డిగ్రీలు అన్నట్టు నెయ్యికి ఒక్క అంకె చెప్పలేం. చలికాలం డబ్బాలో సగం పేరుకుని సగం నూనెలా ఉంటుంది చూడండి. నెమ్మదిగా చల్లారితే, ఎక్కువ వేడికి గానీ కరగని కొవ్వులు ముందు స్ఫటికాలు కట్టి, పెద్దవవుతాయి. అదే పూస. ఫ్రిజ్‌లో అన్నీ ఒక్కసారిగా పేరుకుంటాయి, స్ఫటికం పెరగడానికి వ్యవధి ఉండదు. మేం రియాక్టర్‌ని గంటకి ఇన్ని డిగ్రీలని లెక్కపెట్టి చల్లబరిచేది సరిగ్గా ఆ పూస కోసమే.

కవ్వం · మంగళవారం, సాయంత్రం 6:10

అయితే వెన్న కాచేటప్పుడు చిటపట ఆగిపోవడం కూడా అంతేనా? శబ్దం ఆగాక ఇంకో నిమిషం ఏమరుపాటుగా ఉంటే అడుగున మడ్డి మాడుతుంది.

పీఎస్ మాస్టారు · మంగళవారం, రాత్రి 8:15

ఆ శబ్దం వెన్నలో ఉన్న నీళ్ళదమ్మా. నీళ్ళు ఉన్నంతసేపూ మంట పెంచినా గిన్నెలో వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే నిలుస్తుంది, ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. నీళ్ళు అయిపోయిన క్షణాన శబ్దం ఆగుతుంది, వేడి పైకి ఎగబాకుతుంది, మడ్డి మాడుతుంది. ఇలా స్థితి మారడానికే ఖర్చయ్యే వేడిని గుప్తోష్ణం అంటాం, దాని గురించి ఇకమీద నేను ఇదే చెబుతాను క్లాసులో.

ఆవిరి అన్నాం కాబట్టి ఇంకొక్క మాట. కుక్కర్ విజిల్ దగ్గర తెల్లగా కనిపించేది నీటి ఆవిరి కాదు, చల్లగాలి తగిలి మళ్ళీ నీరైన సన్నటి తుంపర. విజిల్‌కీ ఆ తెలుపుకీ మధ్య వేలెడు ఖాళీ కనిపిస్తుంది. అసలు ఆవిరి ఉన్నది అక్కడే, కంటికి కనబడదు. పిల్లలు దూరం నుంచే చూడాలి, ఆ ఖాళీలో వేలు పెడితే చర్మం ఊడొస్తుంది.

నల్లగొండ బిడ్డ · బుధవారం, ఉదయం 7:05

మా అమ్మమ్మ వాళ్ళు వాన నీళ్ళు బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్ళు, పటిక కూడా తిప్పేవాళ్ళు. తెల్లారేసరికి బురదంతా అడుగున, పైన నీళ్ళు తేటగా. మరి పటికతో బురద దిగినప్పుడు ఉప్పు ఎందుకు దిగదు అని మా పిల్లలు అడుగుతున్నారు.

పీఎస్ మాస్టారు · బుధవారం, ఉదయం 9:20

బురద నీళ్ళలో కరగలేదు, తేలుతోందంతే. సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటూ ఉంటాయి. పటిక పడితే ఆ తోపులాట ఆగి, జిగురు తునకల్లా ముద్దకట్టి బరువుకి దిగుతాయి. ఉప్పు అయాన్లు కరిగిపోయాయి, వాటిని పట్టి ముద్దచెయ్యడం పటిక వల్ల కాదు. వడపోత బట్టకీ అంతే సంగతి, సూర్యలంక గారు మొదట వడగట్టినప్పుడు ఇసుక, నాచు ఆగాయి గానీ మెగ్నీషియం ఆగలేదు.

అయితే కరిగినదాన్ని కూడా ఆ జిగురు తునకలే పట్టి దించిన ఉదాహరణ మీ జిల్లా పేరుతోనే ఉంది. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక నుంచి పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలకి ఫ్లోరైడ్ అంటుకుని అడుగుకి దిగుతుంది. ఉప్పుకి ఆ అంటుకునే గుణం లేదు.

నల్లగొండ బిడ్డ · బుధవారం, ఉదయం 9:48

మా ఊళ్ళో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన పెద్దవాళ్ళని చూస్తూ పెరిగినం మాస్టారూ. వాళ్ళు తాగిన నీళ్ళు కూడా చూడ్డానికి అద్దంలా తేటగానే ఉండేవి. తేటగా ఉంటే మంచి నీళ్ళే అనుకోవద్దని ఆ పాప నోటుబుక్కులో తప్పకుండా రాయమనండి.

సూర్యలంక · రెండు వారాల తర్వాత ఆదివారం, సాయంత్రం 6:30

రెండోసారి చేశాం!

పోయిన వారం శనివారం 5 లీటర్లు తెచ్చాం. ఆ రాత్రే అర లీటరుకి దించాం. గిన్నె అడుగు తడిమితే గళ్ళుప్పు గారు చెప్పినట్టే గరుకు పొర తగిలింది, దాన్ని విడిగా గీకి పొట్లం కట్టి "జిప్సం" అని రాసిపెట్టుకుంది. మర్నాడు ఆదివారం పొద్దున రెండు స్టీలు పళ్ళేల్లో పోసి మేడ మీద పెట్టాం.

మధ్యాహ్నం కేక వేసింది, పరుగెత్తుకెళ్ళాను. నీళ్ళ మీద సన్నటి తెల్లటి పలకలు తేలుతున్నాయి, ఒక్కోటీ చదరం. భూతద్దంతో చూస్తే చదరం లోపల మెట్లుమెట్లుగా గుంట, తిరగేసిన గోపురంలాగా. బరువెక్కినది ఒక్కొక్కటే మునిగి అడుగుకి చేరుతోంది. ఆకలి కూడా మర్చిపోయి గంటసేపు ఎండలో కూర్చుంది. ఒక పళ్ళెం కదపలేదు, ఇంకోటి కావాలనే మాటిమాటికీ గరిటెతో కలిపింది. కదపని దాంట్లో గళ్ళు కందిగింజంత, కలిపిన దాంట్లో ఇసుకంత.

మంగళవారం సాయంత్రానికి రెండూ కలిపి 200 మిల్లీలీటర్లకి వచ్చాయి. నీళ్ళు వంచేశాం. ఉప్పు 85 గ్రాములు. రుచిలో చేదు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వంచిన నీళ్ళు ఒక్క చుక్క నాలుకకి రాసుకుంటే మాత్రం ముఖం ముడుచుకుపోయింది. వేళ్ళ మధ్య రుద్దితే నిజంగానే ఆముదంలా జారుతున్నాయండీ.

మిగిలిన ఆ కొంచెం చేదు ఎలా పోతుంది? నీళ్ళతో కడిగితే ఉప్పే కరిగిపోతుంది కదా?

రియాక్టర్ షిఫ్ట్ · ఆదివారం, రాత్రి 7:12

ఉప్పునీళ్ళతో కడగండి! షాపు ఉప్పుని నీళ్ళలో ఇక కరగనంత వేసి, తేట తీసుకోండి. ఆ నీళ్ళలో ఉప్పుకి ఇంక చోటు లేదు, కాబట్టి మీ గళ్ళు కరగవు. మెగ్నీషియంకి మాత్రం బోలెడు చోటుంది. గళ్ళ చుట్టూ అంటుకున్న చేదు తడిని అది కడిగేస్తుంది. రెండుసార్లు పోసి వంచేసి ఆరబెట్టండి. ఉప్పు శుద్ధి చేసే ఫ్యాక్టరీల్లోనూ ఇలాగే కడుగుతారు.

ఒసాకా తెలుగు · సోమవారం, తెల్లవారుజాము 4:50

ఆ 200 మిల్లీలీటర్లు పారబోశారా? ఇక్కడ జపాన్‌లో దాన్ని నిగారి అంటారు. సోయా పాలు విరగ్గొట్టి టోఫు చెయ్యడానికి వాడతారు, మనం నిమ్మరసంతో పాలు విరగ్గొట్టినట్టే. సూపర్ మార్కెట్‌లో చిన్న సీసాల్లో దొరుకుతుంది. మన మడుల్లో బయటికి వదిలేస్తారని చదివి ఆశ్చర్యమేసింది. మీ అమ్మాయి తీసినది తినే వాటిలో వాడొద్దు గానీ, సీసా మాత్రం దాచుకోమనండి.

సూర్యలంక · గురువారం, రాత్రి 8:22

కడిగాం. చేదు లేదు. ఆరిన గళ్ళు మూత లేని గిన్నెలో మూడు రోజులుగా ఉన్నాయి, పొడిపొడిగానే ఉన్నాయి. పక్కన మొదటిసారి చేసిన ముద్ద కూడా పెట్టింది. నిగారి సీసాకి చీటీ అంటించింది. స్కూల్లో మూడు సీసాలూ చూపించి, మొదటిసారి ఎందుకు తప్పిందో దాని గురించే ఎక్కువసేపు చెప్పిందట.

గళ్ళుప్పు గారూ, మడులు చూడాలని గొడవ చేస్తోంది. ఎప్పుడు రమ్మంటారు?

గళ్ళుప్పు · శుక్రవారం, ఉదయం 6:10

తప్పకుండా తీసుకురండి. మా మడిలో ఇప్పుడు 22 డిగ్రీలు నడుస్తోంది, పది రోజుల్లో గళ్ళు కట్టడం చూడొచ్చు. పొద్దున్నే వస్తే ఎండ తగలదు. చెప్పులు కాదు, పాత బూట్లు వెయ్యండి, గళ్ళ మీద కాళ్ళు కోసుకుంటాయి. ఆ భూతద్దం కూడా తెమ్మనండి, ఇన్నేళ్ళుగా ఉప్పు తీస్తున్నాను గానీ ఆ మెట్ల గుంటని నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు.